పోర్టు తెరుచుకోవట్లేదా? మంచిదే!

మీ రెజ్యూమేలో 'నెట్‌వర్కింగ్ ఫండమెంటల్స్' అన్న మాట ఉందా? ఉండే ఉంటుంది. బీటెక్, బీసీఏ, డిప్లొమా... ఏది చదివినా ఈమధ్య ఆ లైను లేని రెజ్యూమే కనిపించడం లేదు. అయితే ఒక చిన్న ప్రశ్న. మీ ల్యాప్‌టాప్‌లో ఒక వెబ్‌సైట్ నడుస్తోంది. అదే గదిలో ఉన్న మీ ఫోన్‌లో చక్కగా కనిపిస్తోంది. మీరు విజయవాడలో ఉన్నారు, లింకు పంపారు, వరంగల్‌లో ఉన్న మీ ఫ్రెండ్‌కి మాత్రం తెరుచుకోవడం లేదు. మొట్టమొదట ఏం చూస్తారు? తర్వాత ఏం చూస్తారు? ఆ వరుసలోనే ఎందుకు చూస్తారు?

ఓఎస్ఐ మోడల్‌లోని ఏడు పొరల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేవాళ్లు ఎంతమందైనా దొరుకుతారు. ఈ ప్రశ్న దగ్గరకొచ్చేసరికి చాలామంది చెప్పే జవాబు ఒకటే: "రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తాను సార్." అది తప్పని అనను. కానీ ఆ జవాబు మీ వీధిలో కేబుల్ ఆయన కూడా చెబుతాడు. మిమ్మల్ని ఉద్యోగంలోకి తీసుకోవడానికి అది చాలదు కదా.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ఐటీ సపోర్ట్, నెట్‌వర్క్, క్లౌడ్, సైబర్ సెక్యూరిటీ... వీటిలో దేనిలోనైనా ఫ్రెషర్‌గా అడుగు పెట్టాలనుకుంటే, ఇంకో సర్టిఫికెట్ కోర్సుకు ఫీజు కట్టేముందు మీ ఇంట్లో గోడకు తగిలించి ఉన్న ఆ వైఫై డబ్బాతో ఒక వారం కుస్తీ పట్టండి. చేయాల్సిన పని పేరు పోర్ట్ ఫార్వర్డింగ్. మీ ల్యాప్‌టాప్‌లో నడిచే ఒక పేజీని బయటి ప్రపంచానికి కనిపించేలా చేయడం. యూట్యూబ్‌లో చూస్తే ఐదు నిమిషాల పని. మీ ఇంట్లో చేస్తే మాత్రం బహుశా మొదటిసారి పనిచేయదు. పనిచేయకపోవడమే మీకు కావాల్సింది.

ఎందుకంటే మన ల్యాబుల్లో లోపించింది అదే. కాలేజీ ల్యాబ్ రికార్డు కావచ్చు, అమీర్‌పేటలో కోచింగ్ కావచ్చు, ఆన్‌లైన్ కోర్సు కావచ్చు... అన్నీ వండి వడ్డించినవే. మెట్టు 1, మెట్టు 2, మెట్టు 3, చివర్లో 'అవుట్‌పుట్ ఇలా రావాలి' అని ఒక బొమ్మ. అలాగే వస్తుంది కూడా. రాకపోతే సార్ వచ్చి సరిచేస్తారు, లేదా పక్కవాడి స్క్రీన్‌షాట్ ఉండనే ఉంటుంది. ఉద్యోగంలో పరిస్థితి దీనికి పూర్తిగా తిరగబడుతుంది. పనిచేస్తున్న దాన్ని తెచ్చి మీ చేతిలో ఎవరూ పెట్టరు. పాడైన తర్వాతే టికెట్ వస్తుంది.

వాచ్‌మన్ ఏం చేస్తాడంటే...

ముందు సంగతేమిటో తేల్చుకుందాం. ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. వీధిలోకి కనిపించే డోర్ నంబర్ ఒక్కటే. లోపల ఇరవై ఫ్లాట్లు. 304లో ఉన్నవాళ్లు బిర్యానీ ఆర్డర్ చేసి వాచ్‌మన్‌కి చెప్పి ఉంచారు. డెలివరీ కుర్రాడు రాగానే వాచ్‌మన్ నేరుగా 304కి పంపిస్తాడు. ఎవరూ చెప్పకుండా ఒక మనిషి వచ్చి 'లోపలికి వెళ్లాలి' అంటే? ఏ ఫ్లాటుకో తెలియదు కాబట్టి గేటు దగ్గరే ఆపేస్తాడు. మీ ఇంటి గేట్‌వే చేసేది అచ్చంగా ఇదే. ఇంట్లో ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నింటికీ 192.168 తో మొదలయ్యే లోపలి అడ్రసులు ఉంటాయి. బయటికి మాత్రం ఒకే అడ్రసు. లోపలి నుంచి వెళ్లిన ప్రతి అభ్యర్థననూ డబ్బా ఒక పట్టికలో రాసుకుని, జవాబు రాగానే ఎవరిది వాళ్లకు అందిస్తుంది. దీన్నే నాట్ అంటారు. తనంతట తానుగా బయటి నుంచి వచ్చినదాన్ని పారేస్తుంది.

పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే వాచ్‌మన్‌కి ఇచ్చే శాశ్వత ఆదేశం: "8000 అని అడుగుతూ ఎవరొచ్చినా 304కి పంపు." అంతే! ఇంత చిన్న విషయం ఇన్ని రకాలుగా ఎలా చెడిపోతుందన్నదే ఇందులోని మజా.

304లో అసలు మనుషులు ఉన్నారా?

రూటర్ పేజీ తెరిచేముందు ల్యాప్‌టాప్‌నే అనుమానించండి. చాలామంది చేసే ప్రాజెక్టుల్లో ఫ్లాస్క్ గానీ జాంగో గానీ ఉంటుంది. వీటితో వచ్చే డెవలప్‌మెంట్ సర్వర్లు మామూలుగా 127.0.0.1 మీదే వింటాయి. అంటే ఆ కంప్యూటర్ తనతో తాను మాట్లాడుకోవడానికి తప్ప పక్కనున్న ఫోన్‌కి కూడా జవాబివ్వదు. 0.0.0.0 మీద వినమని చెబితేనే నెట్‌వర్క్‌లోని మిగతావాళ్లకు వినిపిస్తుంది. విండోస్‌లో నెట్‌స్టాట్, లినక్స్‌లో ఎస్ఎస్ అనే కమాండ్ కొడితే ఏ పోర్టు ఏ అడ్రసు మీద వింటోందో కనిపిస్తుంది. ఆ వరుసను చదవడం రావాలి. డాకర్ నేర్చుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగండి. కంటెయినర్ లోపల అప్లికేషన్ 127.0.0.1 మీద వింటుంటే, మీరు బయట పోర్టును ఎంత పబ్లిష్ చేసినా పేజీ రాదు. ఉద్యోగంలో చేరిన మొదటి నెలల్లో జుట్టు పీక్కునే సమస్యల్లో ఇదొకటి. ఇంట్లోనే చూసేశారనుకోండి, అక్కడ తలనొప్పి తప్పుతుంది.

తర్వాత అదే వైఫైలో ఉన్న ఫోన్ నుంచి ల్యాప్‌టాప్ లోపలి అడ్రసు కొట్టి చూడండి. రాలేదా? అయితే రూటర్ రూలుతో మీకింకా పని లేదు. విండోస్ ఫైర్‌వాల్ మీ వైఫైని 'పబ్లిక్' కింద లెక్కేసి తలుపు మూసి ఉండొచ్చు. ఫోన్ గెస్ట్ వైఫైలో ఉండి ఉండొచ్చు. గెస్ట్ నెట్‌వర్క్ పని ఇంట్లోని మిగతా పరికరాలను కనిపించకుండా ఉంచడమే. ఫైర్‌వాల్‌ని మొత్తంగా ఆఫ్ చేసేయమని వీడియోల్లో చెబుతుంటారు చూడండి, ఆ సలహా వినకండి. ఒక్క పోర్టుకు మాత్రం అనుమతి ఇవ్వడం ఎలాగో నేర్చుకోండి. మొత్తం ఆఫ్ చేస్తాననే అభ్యర్థిని సెక్యూరిటీ టీమ్‌లోకి ఎవరు తీసుకుంటారు చెప్పండి?

ఇంకో తమాషా ఉంది. నిన్న రాత్రి అంతా పనిచేసింది. పొద్దున్న కరెంటు పోయి వచ్చింది. ఇప్పుడు పనిచేయడం లేదు. మీరేమీ మార్చలేదు! మారింది ల్యాప్‌టాప్ లోపలి అడ్రసు. నిన్న 192.168.1.5, ఇవాళ 192.168.1.8. అడ్రసులు పంచేది డీహెచ్‌సీపీ. వాచ్‌మన్ పాపం ఇంకా 304కే పంపుతున్నాడు, మీరేమో 308కి మారిపోయారు. రూటర్‌లోనే ఆ ల్యాప్‌టాప్‌కు ఒక అడ్రసు రిజర్వ్ చేస్తే ఇది తీరిపోతుంది. 'నేనేమీ మార్చలేదు సార్' అనే యూజర్ మాట నిజమే అయినా వ్యవస్థ మారి ఉండొచ్చన్న పాఠం, సపోర్ట్ ఉద్యోగంలో రోజూ పనికొస్తుంది.

రూలు రాసే ఫారం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. బయటి పోర్టు, లోపలి పోర్టు, లోపలి అడ్రసు, టీసీపీనా యూడీపీనా... నాలుగు గడులు. ఒక్కో కంపెనీ డబ్బాలో ఒక్కో పేరుతో ఉంటాయి. వర్చువల్ సర్వర్ అని ఒకరు, నాట్ రూల్ అని ఇంకొకరు. వెబ్‌పేజీ అయితే టీసీపీ. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌కు టీసీపీ 25565, అదే బెడ్‌రాక్ ఎడిషన్‌కు యూడీపీ 19132. ఈ తేడా చూడకుండా గంటలు గంటలు కొట్టుకునే గేమర్లు ఉన్నారు.

పరీక్షించేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఇంట్లో వైఫైలో కూర్చుని, బయటి అడ్రసు కొట్టి, రావట్లేదని తీర్మానించేస్తారు. లోపలి నుంచి బయటి అడ్రసుకు వెళ్లి మళ్లీ లోపలికి మళ్లడం కొన్ని డబ్బాలకు చేతకాదు. దాన్ని హెయిర్‌పిన్ నాట్ అంటారు. బయటివాళ్లకు బ్రహ్మాండంగా కనిపిస్తూ, మీకు మాత్రం కనిపించకపోవచ్చు. ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో చూడండి. అదీ అసలైన బయట.

'రిఫ్యూజ్డ్' వేరు, 'టైమ్‌డ్ అవుట్' వేరు

ఈ ఒక్క ముక్క కోసమైనా ఈ వ్యాసం చదవండి. బ్రౌజర్‌లో పేజీ రాకపోతే 'రావట్లేదు' అని వదిలేస్తాం. ఎలా రావట్లేదు అన్నది చూడం. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వెంటనే వస్తే, మీ ప్యాకెట్ ఒక యంత్రం దాకా వెళ్లింది, అక్కడి నుంచి ఎవరో 'లేదు పొమ్మన్నారు' అని అర్థం. ఆ పోర్టు మీద ఏ ప్రోగ్రామూ వినడం లేదన్నమాట. ఆ 'పొమ్మన్నది' ల్యాప్‌టాపా, గేట్‌వేనా అన్నది ఇంకా తేల్చుకోవాలి. అలా కాకుండా బ్రౌజర్ తిరిగి తిరిగి చివరికి 'టైమ్‌డ్ అవుట్' అంటే, తలుపు కొట్టారు గానీ ఎవరూ పలకలేదు. దారిలో ఎక్కడో ఫైర్‌వాల్ చడీచప్పుడు లేకుండా ప్యాకెట్‌ను మింగేసింది. లేదా అసలు అది మీ ఇంటిదాకా రానేలేదు.

క్లౌడ్‌లోకి వెళ్లినా ఇదే తర్కం. ఏడబ్ల్యూఎస్‌లో సెక్యూరిటీ గ్రూప్ పోర్టును అనుమతించకపోతే, అది ప్యాకెట్‌ను మాట్లాడకుండా పారేస్తుంది. మీకు టైమ్‌డ్ అవుట్ కనిపిస్తుంది. సెక్యూరిటీ గ్రూప్ సరిగ్గానే ఉండి, మెషీన్‌లో సర్వీసు పడిపోతే మామూలుగా రిఫ్యూజ్డ్ వస్తుంది. 'మీ వెబ్ సర్వర్ తెరుచుకోవడం లేదు, ఏం చేస్తారు?' అని అడిగినప్పుడు 'ముందు ఎర్రర్ రిఫ్యూజ్డా, టైమ్‌డ్ అవుటా చూస్తాను సార్' అని మొదలుపెట్టి చూడండి. ఎదుటి మనిషి కుర్చీలో ముందుకు జరుగుతారు. జ్ఞాపకశక్తి కాదు, అనుభవం మాట్లాడుతోందని వాళ్లకు తెలిసిపోతుంది.

ఇంకో అడుగు వేస్తానంటారా, వైర్‌షార్క్ పెట్టుకోండి. ఉచితమే. మొబైల్ డేటా నుంచి లింకు కొడుతూ, ల్యాప్‌టాప్ మీద ఆ పోర్టుకు వచ్చే ప్యాకెట్లను గమనించండి. మొదటి ప్యాకెట్, అంటే సిన్, వచ్చిందా లేదా? ఈ ఒక్క ప్రశ్న సమస్యను సగానికి కోసేస్తుంది. రాలేదంటే తప్పు రూటర్‌లోనో అంతకు ముందో ఉంది, ల్యాప్‌టాప్‌ను వదిలేయొచ్చు. వచ్చి, జవాబు వెళ్లలేదంటే ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌ను పట్టుకోండి. వచ్చింది, జవాబూ వెళ్లింది, అయినా అవతలివాళ్లకు అందలేదంటే జవాబు వేరే దారిలో పోతోందేమో చూడండి. ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ ఆన్‌లో మరిచిపోతే ఇలా జరుగుతుంది. అంచనాలతో పది చోట్ల వేలు పెట్టడం కంటే, మధ్యలో ఒక్క చోట చూసి సగం అనుమానాలను కొట్టేయడం... ట్రబుల్‌షూటింగ్ అంటే అదే. చాలా కోర్సుల్లో దీనికి తగినంత చోటు దొరకదు, అదే నా ఫిర్యాదు.

తప్పు మీది కాకపోతే?

అన్నీ సరిగ్గా చేశారు. రూలు బాగుంది, ల్యాప్‌టాప్ బాగుంది. సిన్ మాత్రం రావడం లేదు. ఇప్పుడు రూటర్ స్టేటస్ పేజీలో వాన్ ఐపీ అడ్రసు ఎంత ఉందో చూడండి. గూగుల్‌లో 'నా ఐపీ ఎంత' అని వెతికితే వచ్చే అడ్రసు కూడా చూడండి. వీపీఎన్ ఆపేసి సుమా. రెండూ ఒకటైతే సరే. వాన్ అడ్రసు 10తో మొదలవుతోందా? 172.16 నుంచి 172.31 మధ్యనా? 192.168తోనా? లేక 100.64 నుంచి 100.127 మధ్యనా? అయితే మీ డబ్బాకే సొంతంగా బయటి అడ్రసు లేదు. మీ అపార్ట్‌మెంట్ ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీ లోపల ఉందన్నమాట. మీ వాచ్‌మన్‌కి మీరు ఎంత చెప్పినా, మెయిన్ గేటు దగ్గరున్న సెక్యూరిటీకి ఆ సంగతి తెలియదు.

మెయిన్ గేటు మీ ఇంట్లోనే ఉందేమో ముందు చూసుకోండి. ఫైబర్ కంపెనీ ఇచ్చిన డబ్బా ఒకటి, సిగ్నల్ చాలట్లేదని నాన్న కొన్న రూటర్ ఇంకొకటి ఉంటే, రెండూ నాట్ చేస్తుంటాయి. దీన్ని డబుల్ నాట్ అంటారు. ఒకదాన్ని బ్రిడ్జ్ మోడ్‌లోనో యాక్సెస్ పాయింట్‌గానో పెడితే పోతుంది. ఒకే డబ్బా ఉందంటే మాత్రం మెయిన్ గేటు మీ ఇంటర్నెట్ కంపెనీది. దాని పేరు సీజీనాట్.

ఇది ఎందుకొచ్చిందో తెలుసుకోవడం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. ఐపీవీ4 అడ్రసు 32 బిట్లది. మొత్తం కలిపితే సుమారు 430 కోట్ల అడ్రసులు. కాగితం మీద పెద్ద సంఖ్యే గానీ, మనిషికొక ఫోన్, ఇంటికొక టీవీ వచ్చాక ఎటూ చాలదు. ప్రపంచ స్థాయిలో అడ్రసులు పంచే ఐయానా దగ్గర నిల్వ 2011 ఫిబ్రవరిలో అయిపోయింది. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి పంచే ఏపీనిక్ అదే ఏడాది ఏప్రిల్‌లో చివరి బ్లాకుకు వచ్చేసి, అక్కడి నుంచి చేయి బిగించి పంచడం మొదలుపెట్టింది. ఇంకేం చేస్తారు? కంపెనీలు చాలా ఇళ్లను ఒకే బయటి అడ్రసు వెనక కూర్చోబెట్టాయి. ఈ అవసరానికే 2012 ఏప్రిల్‌లో 100.64.0.0 నుంచి 100.127.255.255 వరకు అడ్రసులను ప్రత్యేకంగా కేటాయించారు. మీ వాన్ పేజీలో 100.72 అని కనిపించిందంటే, ఆ చరిత్ర మొత్తం మీ హాల్లో గోడమీద వేలాడుతున్నట్టే.

అప్పుడు ఏం చేయాలి? కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయాలి. నవ్వకండి, ఇదీ శిక్షణలో భాగమే. "నెట్ పనిచేయట్లేదండీ" అంటే "రీస్టార్ట్ చేయండి" అనే వస్తుంది. అలా కాకుండా, "నా వాన్ అడ్రసు 100.72తో మొదలవుతోంది. కనెక్షన్ సీజీనాట్ వెనక ఉన్నట్టుంది. పబ్లిక్ ఐపీ ఇస్తారా? స్టాటిక్ ఐపీకి నెలకు ఎంత?" అని అడగండి. మొదటి మనిషికి అర్థం కాకపోతే పై స్థాయికి పంపమనండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి. రేపు మీరు కూర్చోబోయే కుర్చీ అదే కావచ్చు, లేదా దానికి అవతలి వైపు వెండర్‌తో మాట్లాడే కుర్చీ. రెండు వాక్యాల్లో సమస్యను చెప్పగలగడం ఎంత అరుదైన నైపుణ్యమో అప్పుడు తెలుస్తుంది. ఒక మాట: రూటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ చాలా ఇళ్లలో కేబుల్ ఆపరేటర్ దగ్గరే ఉంటుంది. మర్యాదగా అడిగితే ఇస్తారు, కొందరు ఇవ్వరు. ఇవ్వకపోతే వాళ్ల చేతే రూలు పెట్టించుకోండి, ఏ గడిలో ఏముండాలో మీరు చెప్పి.

పబ్లిక్ ఐపీ వచ్చినా 25, 80, 445 లాంటి పోర్టులను కొన్ని కంపెనీలు ముందే అడ్డుకుంటాయి. కాబట్టి వేరే నంబరుతో ప్రయత్నించండి. ఐపీవీ6 సంగతీ చూడండి. దాని వాడకంలో ముందున్న దేశాల్లో మనదీ ఒకటి. ఐపీవీ6లో ప్రతి పరికరానికీ సొంత అడ్రసే ఉంటుంది. కాబట్టి ఫార్వర్డింగ్ అక్కర్లేదు, రూటర్ ఫైర్‌వాల్‌లో అనుమతి ఇస్తే చాలు. అవతలివాళ్లకూ ఐపీవీ6 ఉండాలి మరి. సీజీనాట్‌లో ఇరుక్కున్నవాళ్లకు ఇది ఒక నిజమైన దారి, మన కుర్రాళ్లలో చాలామంది ఇటువైపు చూడనే చూడరు.

'ఇప్పుడెవరు చేస్తున్నారండీ ఇది?'

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. క్లౌడ్‌లో ఉచితంగా పెట్టుకోవచ్చు, క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ఉంది, టెయిల్‌స్కేల్ ఉంది, ఈ పాత తంటా ఎందుకు? నిజమే. పనికోసమైతే నేనూ అవే వాడమంటాను. కానీ టన్నెల్ ఎందుకు పనిచేస్తుందో చెప్పండి చూద్దాం. లోపలి నుంచే బయటికి కనెక్షన్ మొదలవుతుంది కాబట్టి వాచ్‌మన్ ఆపడు, సీజీనాట్ కూడా ఆపదు. బిర్యానీ ఆర్డర్ ఇచ్చినట్టే. ఈ వాక్యం చెప్పగలిగినవాడు టన్నెల్‌ను వాడుతున్నాడు. చెప్పలేనివాడు కమాండ్‌ను కాపీ కొడుతున్నాడు. ఆ కమాండ్ పనిచేయని రోజున ఇద్దరి తేడా బయటపడుతుంది. కమాండ్లు కాపీ కొట్టే పని ఇవాళ ఏఐ చాట్‌బాట్ మీకంటే వేగంగా చేస్తుంది. మీ ఇంటి వాన్ పేజీలో ఏముందో దానికి తెలియదు. అది చూసి, తగిన ప్రశ్న అడగాల్సింది మీరే.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది: ప్రమాదం. పోర్టు తెరిచారంటే మీ ఫ్రెండ్‌కే కాదు, ప్రపంచం మొత్తానికీ తెరిచినట్టు. ఇంటర్నెట్ అంతటా తలుపులు తట్టుకుంటూ తిరిగే ప్రోగ్రామ్‌లు రాత్రింబవళ్లు పనిచేస్తుంటాయి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ చేసింది ఇదే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లను వెతికి పట్టుకుని సైన్యంగా మార్చింది. ఆ అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీద ఆ సైన్యంతో దాడి జరిగితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటి సైట్లు చాలామందికి గంటలపాటు అందలేదు. కాబట్టి ఇంట్లో సీసీ కెమెరా డీవీఆర్‌ను, రిమోట్ డెస్క్‌టాప్ 3389ను, రూటర్ అడ్మిన్ పేజీని ఎట్టి పరిస్థితుల్లో బయటికి తెరవొద్దు. డబ్బా ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ ముందు మార్చండి. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే ప్రోగ్రామ్‌లు మీకు చెప్పకుండానే పోర్టులు తెరుస్తాయి, దాన్నీ చూసి ఆపేయండి. ప్రయోగానికి ఒక ఖాళీ ఫోల్డర్‌లో 'నమస్కారం' అని రాసిన ఒక్క పేజీ పెట్టి, పైథాన్‌తో వచ్చే చిన్న వెబ్ సర్వర్‌ను 8000 పోర్టు మీద నడపండి. ఖాళీ ఫోల్డరే ఎందుకంటే, ఆ సర్వర్ మీరు నిలబడ్డ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ చూపించేస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో నిలబడి నడిపితే మీ ఆధార్ స్కాన్ కూడా ఊరంతా చూస్తుంది.

ఇదంతా మీ ఇంటి కనెక్షన్ మీదే, ఇంట్లోవాళ్లకు చెప్పి. హాస్టల్ వైఫై మీది కాదు, కాలేజీ నెట్‌వర్క్ అంతకన్నా కాదు. అనుమతి లేకుండా ఇతరుల వ్యవస్థల్లో వేలు పెడితే ఐటీ చట్టం 2000లోని 43, 66 సెక్షన్లు ఉన్నాయి. 66 కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. సైబర్ సెక్యూరిటీలో ఉద్యోగం కావాలనుకునేవాళ్లకు ఇది మొదటి పాఠంగా ఉండాలి.

రాసుకోకపోతే సగం వృథా

వారం కుస్తీ తర్వాత చేతికి ఏం మిగులుతుంది? నన్నడిగితే, ఒక పేజీ రాత. తేదీ, ఏం చూశాను, ఏం కనిపించింది, దాన్నిబట్టి దేన్ని కొట్టేశాను. ఉదాహరణకు ఇలా ఉండొచ్చు: "అదే వైఫైలో ఫోన్ నుంచి పేజీ వస్తోంది. కాబట్టి సర్వర్, ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్ బాగున్నాయి. మొబైల్ డేటా నుంచి టైమ్‌డ్ అవుట్. వైర్‌షార్క్‌లో సిన్ కనిపించలేదు. వాన్ అడ్రసు 100.72తో మొదలవుతోంది, బయట కనిపించేది వేరు. సీజీనాట్. ప్రొవైడర్‌ను అడిగాను, స్టాటిక్ ఐపీకి అదనంగా కట్టాలన్నారు. వద్దనుకుని ఐపీవీ6 మీద అనుమతి ఇచ్చాను. మొబైల్ నుంచి పేజీ వచ్చింది." ఇందులో గొప్ప ఇంగ్లిష్ లేదు, సర్టిఫికెట్ నంబరు లేదు. కానీ నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్‌లో షిఫ్ట్ మారేటప్పుడు ఒక ఇంజినీర్ ఇంకొకరికి రాసి ఇచ్చే నోట్ ఇలాగే ఉంటుంది. దీన్ని ఇంగ్లిష్‌లో కూడా ఒకసారి రాసుకోండి. రెజ్యూమేలో 'టీసీపీ ఐపీ పరిజ్ఞానం ఉంది' అన్న లైను కొట్టేసి, ఆ చోట 'ఇంటి సర్వర్ బయటికి అందకపోవడానికి కారణం సీజీనాట్ అని తేల్చి, ఐపీవీ6తో పరిష్కరించాను' అని పెట్టండి. రెండోదాని మీద ప్రశ్నలు వస్తాయి. వాటికి జవాబులు మీ దగ్గర ఉంటాయి, బట్టీ పట్టక్కర్లేదు.

చివరికి పేజీ తెరుచుకోకపోయినా ఫర్వాలేదు. 'ఇక్కడిదాకా బాగుంది, ఇక్కడి నుంచి నా చేతిలో లేదు, ఎందుకంటే ఇదీ కారణం' అని ఆధారంతో చెప్పగలిగితే అది పూర్తయిన పనే. ఆఫీసుల్లో చాలా టికెట్లు అలాగే మూతపడతాయి.

ఇక పనయ్యాక రూటర్‌లో ఆ రూలు తీసేయడం మరిచిపోకండి. సర్వర్ ఆపేయండి. ఫైర్‌వాల్‌లో ఇచ్చిన అనుమతి కూడా వెనక్కి తీసుకోండి. తర్వాత ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాతో అదే లింకు ఇంకోసారి కొట్టండి. పేజీ రాకూడదు. ఎలా రావట్లేదో కూడా చూసి, నోట్‌లో ఆ చివరి లైను రాసుకోండి: రిఫ్యూజ్డా, టైమ్‌డ్ అవుటా?